వాకిట్లో కారు, ఇంట్లో చీకటి

గత వర్షాకాలంలో ఒక రాత్రి మన సొసైటీ కార్యాలయానికి ఫోన్ వచ్చింది. 2021లో కోవిడ్ రెండో దశలో మీరంతా ఇచ్చిన విరాళాలతో కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్లు ఇప్పటికీ అవసరమున్న ఇళ్లలో పనిచేస్తున్న సంగతి మీకు తెలుసు. ఊపిరితిత్తుల జబ్బుతో మంచం పట్టిన ఒక పెద్దావిడ ఇంట్లో అలాంటి యంత్రం ఒకటి ఉంది. ఆ సాయంత్రం గాలివానకు చెట్టు కూలి కరెంటు లైను తెగింది. ఇంట్లోని పాత ఇన్వర్టర్ రెండు గంటలు లాగి ఆగిపోయింది. దగ్గరున్న సిలిండర్‌లో సగానికంటే తక్కువే మిగిలింది. అర్ధరాత్రి దాటాక మన కార్యకర్తలు వర్షంలోనే ఆమెను ఆస్పత్రికి చేర్చారు. అల్లాహ్ దయవల్ల నాలుగు రోజుల్లో కోలుకుని ఇంటికి వచ్చారు.

మర్నాడు యంత్రాన్ని చూసి రావడానికి వెళ్లిన మన కార్యకర్త ఒకరు పక్కింటి వాకిట్లో నిలిపి ఉన్న ఎలక్ట్రిక్ కారును గమనించారు. ఛార్జింగ్ ఎనభై శాతం ఉంది. ఆ రాత్రే కాదు, మర్నాటి రాత్రి కూడా ఆ యంత్రాన్ని నడపడానికి అది చాలు. కారు యజమాని చాలా బాధపడ్డారు. "నా బండిలో ఇలాంటి సౌకర్యం ఉందని నాకే తెలియదు భాయ్. అమ్మినవాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు" అన్నారు. గోడకు అవతల కరెంటు ఉండి కూడా ఆమెకు అందలేదన్న బాధ మమ్మల్నీ వదల్లేదు. మన దాతల్లో ఎలక్ట్రిక్ కార్లు కొన్నవారు ఈ రెండు మూడేళ్లలో బాగా పెరిగారు. వారికీ, వారి ఇరుగుపొరుగుకూ పనికొస్తుందని ఈ విషయాన్ని కొంచెం వివరంగా రాస్తున్నాము.

ముందు లెక్క మన కరెంటు బిల్లు భాషలోనే చూద్దాం. బిల్లులో ఒక యూనిట్ అంటే వెయ్యి వాట్ల సామాను ఒక గంట నడిస్తే ఖర్చయ్యే కరెంటు. కారు బ్యాటరీని కొలిచే కిలోవాట్ అవర్ కూడా అదే. కాబట్టి 40 కిలోవాట్ అవర్ బ్యాటరీ ఉన్న కారు అంటే 40 యూనిట్ల కరెంటును నింపుకుని వాకిట్లో నిలబడ్డ వాహనమన్నమాట. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద 1.8 యూనిట్లు. నిజానికి అందులోంచి వాడుకోగలిగేది ఇంకా తక్కువ. అంటే ఒక మామూలు ఎలక్ట్రిక్ కారు అలాంటి బ్యాటరీలు ఇరవైకి పైగా పేర్చినంత. చాలామందికి ఈ పోలిక విన్నాకే విషయం అర్థమవుతుంది.

అయితే కారులో కరెంటు ఉండటం వేరు, అది బయటికి రావడం వేరు. బ్యాటరీలో ఉండేది డీసీ కరెంటు, అదీ వందల వోల్టుల మీద. మన ఫ్యానుకు కావలసింది 230 వోల్టుల ఏసీ. ఇంటి ప్లగ్‌లో పెట్టి ఛార్జింగ్ చేసేటప్పుడు కారులోని ఛార్జర్ ఏసీని డీసీగా మారుస్తుంది. ఆ ఛార్జర్‌ను రెండు దిశల్లోనూ పనిచేసేలా తయారు చేస్తే తిరిగి డీసీని ఏసీగా మార్చి బయటికి ఇవ్వగలదు. దీన్నే కంపెనీలు వెహికిల్ టు లోడ్ అంటాయి. ఛార్జింగ్ పెట్టే చోటే ఒక అడాప్టర్ తగిలిస్తే దాని చివర మనకు తెలిసిన ప్లగ్ పాయింట్ ఉంటుంది. అందులో మన సామాను పెట్టుకోవడమే. ఇంతకంటే పెద్ద ఏర్పాటు వెహికిల్ టు హోమ్. అందులో గోడకు బిగించిన ప్రత్యేకమైన పరికరం ద్వారా కారు ఇంటి వైరింగ్ మొత్తానికీ కరెంటు ఇస్తుంది.

ఈ ఆలోచనకు బలం వచ్చింది జపాన్‌లో. 2011 మార్చి 11న వచ్చిన భూకంపం, సునామీల తర్వాత ఈశాన్య జపాన్‌లో పెట్రోలు దొరకడం గగనమైంది. చాలాచోట్ల పెట్రోలు కంటే ముందు కరెంటే తిరిగి వచ్చింది. దాంతో కంపెనీలు అక్కడికి పంపిన ఎలక్ట్రిక్ కార్లు మందులు, మనుషులను చేరవేయడానికి అక్కరకొచ్చాయి. అప్పటికే టయోటా ఎస్టిమా హైబ్రిడ్ వంటి కొన్ని బండ్లలో 1500 వాట్ల ప్లగ్ పాయింట్ ఉండేది. కరెంటు లేని చోట్ల జనం దాంతో ఫోన్లు ఛార్జ్ చేసుకున్నారు, నీళ్లు కాచుకున్నారు. మరుసటి ఏడాదే నిస్సాన్ తన లీఫ్ కారు నుంచి ఇంటికి 6 కిలోవాట్ల వరకు కరెంటు ఇచ్చే పరికరాన్ని అమ్మకానికి పెట్టింది. ఆ కారు బ్యాటరీ 24 యూనిట్లు. ఒక సగటు జపాన్ ఇంటికి రెండు రోజులు సరిపోతుందని కంపెనీ చెప్పింది. 2019 సెప్టెంబరులో ఫక్సాయ్ తుఫాను చిబా ప్రాంతాన్ని కొట్టినప్పుడు ఒక దశలో తొమ్మిది లక్షలకు పైగా ఇళ్లలో కరెంటు పోయింది. కొన్ని ఊళ్లలో అది రావడానికి రెండు వారాలు పట్టింది. ఎండలు మండుతున్న రోజులు. కార్ల కంపెనీలు తమ ఎలక్ట్రిక్ వాహనాలను అక్కడికి పంపించి ఫ్యాన్లు, దీపాలు, ఫోన్లకు కరెంటు ఇప్పించాయి.

మాకు బాగా గుర్తుండిపోయిన మరో సంఘటన 2023 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో జరిగింది. గాలివానకు కరెంటు పోయినప్పుడు ఒక తల్లి తన కొడుకు డయాలిసిస్ యంత్రాన్ని తన ఎలక్ట్రిక్ కారు నుంచి నడిపించారని పత్రికల్లో వచ్చింది. అది వెహికిల్ టు హోమ్ వంటి పెద్ద ఏర్పాటు కాదు. ఒక అడాప్టర్, ఒక వైరు, అంతే.

మన తీరానికి ఇది దూరపు కథ కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీద విరుచుకుపడ్డాక ఎన్నో పేటలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. పెట్రోలు బంకుల ముందు పొడవైన వరుసలు కట్టిన జనాన్ని మనలో చాలామంది చూశారు. జనరేటర్ ఉన్నవాళ్లకు కూడా అందులో పోయడానికి ఇంధనం దొరకలేదు. 2018 అక్టోబరులో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను కొట్టినప్పుడు కిడ్నీ రోగులు ఎక్కువగా ఉన్న ఉద్దానం పల్లెలే కరెంటు లేక అల్లాడాయి. ఆ రోజుల్లో మన దగ్గర ఇలాంటి కార్లు లేవు, ఇప్పుడు ఉన్నాయి.

మన దేశంలో అమ్ముతున్న కార్లలో ప్రస్తుతం మామూలుగా కనిపించేది మొదటి రకం, అంటే వెహికిల్ టు లోడ్. కియా ఈవీ6, హ్యుందాయ్ అయానిక్ 5, బీవైడీ ఆటో 3 ఈ సౌకర్యంతో వచ్చాయి. 2023 సెప్టెంబరులో వచ్చిన కొత్త టాటా నెక్సాన్ ఈవీతో ఇది మధ్యతరగతి ఇళ్ల దాకా చేరింది. 2025లో క్రెటా ఎలక్ట్రిక్‌లోనూ వచ్చింది. అంతకు ముందు కొన్న పాత నెక్సాన్ ఈవీలో మాత్రం లేదు. ఒకే మోడల్‌లో కూడా కొన్ని వేరియంట్లలో ఉండి కొన్నింటిలో ఉండకపోవచ్చు. అడాప్టర్‌ను కొన్నిసార్లు విడిగా కొనాలి. అందుకే కారు పేరు చూసి ధీమాగా ఉండకండి. కొన్నప్పుడు ఇచ్చిన పుస్తకం తీసి చూడండి, డిక్కీలో అడాప్టర్ ఉందో లేదో వెతకండి. మేము చెప్పిన ఆ పక్కింటి వారి అడాప్టర్ ఇంకా అట్టపెట్టె విప్పకుండా బీరువా మీద దొరికింది!

స్కూటర్ల గురించి కూడా మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీ సాధారణంగా 2 నుంచి 4 యూనిట్లు. దాన్నుంచి ఇంటి కరెంటు తీసుకునే ఏర్పాటు మామూలుగా ఉండదు. ఎవరో మెకానిక్ చేసిపెడతానన్నాడని బ్యాటరీకి వైర్లు కలపవద్దు, నిప్పు అంటుకుంటే ఆపడం కష్టం.

ఇక ఎంత ఇస్తుంది, ఏది నడుస్తుంది అన్న ప్రశ్న. మన దగ్గరి కార్ల నుంచి ఒకసారికి సుమారు 3.3 నుంచి 3.6 కిలోవాట్ల దాకా తీసుకోవచ్చు. గోడలో 16 ఆంపియర్ల పెద్ద ప్లగ్ పాయింట్ ఇచ్చినంత అనుకోండి. ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, టీవీ అన్నీ కలిపినా దానిలో మూడో వంతు కాదు. గీజర్, ఇండక్షన్ పొయ్యి ఒక్కొక్కటే 2 కిలోవాట్ల వరకు లాగుతాయి. వాటికి ఆపత్కాలపు కరెంటు పోయడం దండుగ. బోరు మోటారు విషయంలో జాగ్రత్త. ఒక హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు వెయ్యి వాట్ల చిల్లర తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. అప్పుడు కారు తనను తాను కాపాడుకోవడానికి సరఫరా ఆపేస్తుంది. మిగతావన్నీ తీసేసి ఒక్క మోటారునే పెట్టి ముందుగా ఒకసారి ప్రయత్నించి చూడాలి. పనిచేయకపోతే తుఫాను హెచ్చరిక రాగానే ట్యాంకు నింపి పెట్టుకోవడమే దారి.

ఒక మామూలు ఇంటి లెక్క వేసి చూద్దాం. 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు, రోజుకు పన్నెండు గంటల చొప్పున తిరిగితే 3.6 యూనిట్లు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు ఎనిమిది ఆరు గంటలు వెలిగితే అర యూనిట్ కూడా కాదు. ఫ్రిజ్‌కు ఒక యూనిట్ చిల్లర. ఫోన్లు, వైఫై వంటివి కలుపుకుంటే మొత్తం ఆరు యూనిట్ల లోపే. కారులో 40 ఉన్నా, అందులో ఐదో వంతు ముట్టుకోకుండా ఉంచాలి. ఎందుకంటే ఆ కారే రేపు మీ ఇంటి అంబులెన్స్ కావచ్చు. ఆస్పత్రికి పోను, రాను సరిపడా దానిలో ఉండాలి. ఎంత శాతం దగ్గర సరఫరా ఆగిపోవాలో చాలా కార్లలో మనమే నిర్ణయించుకోవచ్చు. మార్పిడిలో పోయే నష్టం తీసేస్తే చేతికి వచ్చేది 28 యూనిట్ల వరకు. దీన్ని ఆరుతో భాగించి నాలుగైదు రోజులు అనుకుంటాం కానీ, ఇక్కడే ఒక మెలిక ఉంది. సరఫరా ఇస్తున్నంతసేపూ కారు మేల్కొనే ఉంటుంది. దానిలోని కంప్యూటర్లు, పంపులు కూడా కొంత తింటాయి. రెండు బల్బుల కోసం ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉంచితే బల్బుల కంటే కారే ఎక్కువ తినేస్తుంది. కాబట్టి గంటలు లెక్కపెట్టుకుని వాడాలి. తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్‌లో చల్లదనం నాలుగు గంటలు నిలుస్తుంది. పగలు ఫ్రిజ్‌కు విడతలు విడతలుగా ఇచ్చి, రాత్రి ఫ్యాన్లకు వరుసగా ఇచ్చుకుంటే మూడు నాలుగు రోజులు గడిచిపోతాయి. అదే రంజాన్ మాసమైతే సహరీ వేళకు కూడా కొంత అట్టిపెట్టుకోవాలి.

రోగి ఉన్న ఇంట్లో లెక్క మారుతుంది. మన సొసైటీ ఇచ్చే ఐదు లీటర్ల కాన్సన్‌ట్రేటర్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. రోజంతా నడిస్తే 8 యూనిట్ల పైమాటే. దానికి కారు తిండి కలుపుకుని, ఇంట్లో ఒక ఫ్యాను, ఒక దీపం తప్ప మిగతావి ఆపేస్తే నిండా ఛార్జ్ చేసిన 40 యూనిట్ల కారుతో రెండు రోజులు ధైర్యంగా గడపవచ్చు. పెద్ద బ్యాటరీ కార్లు 70 యూనిట్లు దాటినవి ఉన్నాయి. వాటితో ఇంకా ఎక్కువ. అయినా సిలిండర్ అక్కరలేదని మాత్రం అనుకోవద్దు. చిన్న బీ రకం సిలిండర్‌లో సుమారు 1500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. కారు తెచ్చి తగిలించే వరకూ, ఏ కారణంగానైనా సరఫరా ఆగిన నిమిషంలోనూ ప్రాణం నిలిపేది అదే. కాన్సన్‌ట్రేటర్‌కు కరెంటు ఆగితే మోగే అలారం ఉంటుంది. అది వినిపించేంత దూరంలో ఎవరో ఒకరు పడుకోవాలి.

ప్రమాదాల విషయం కొంచెం గట్టిగానే చెప్పాలి. కారు నుంచి వచ్చిన వైరును గోడలోని ప్లగ్ పాయింట్‌లో పెట్టి ఇల్లంతా వెలిగించాలని ఎవరికైనా అనిపిస్తుంది. అందుకోసం రెండు వైపులా పిన్నులున్న వైరు తయారు చేసి ఇచ్చేవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు. మీ ఇంటి వైరింగ్ వీధి లైనుకు కలిసి ఉంది. మీరు లోపలికి పంపిన 230 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళితే అవతలి వైపు 11 వేల వోల్టులు కాగలవు. ఆ సమయంలో స్తంభం ఎక్కి మీ వీధికి వెలుగు తేవడానికి తంటాలు పడుతున్న లైన్‌మన్ చేతిలో ఉండేది ఆ తీగే. అతనూ ఒక ఇంటి పెద్ద. పైగా ఆ రెండు వైపుల పిన్నుల వైరులో ఒక కొస ఊడితే పట్టుకున్నవాళ్లకే షాక్ కొడుతుంది. మీరు అలా కలిపి ఉంచగా వీధి కరెంటు వస్తే కారు ఛార్జర్ కాలిపోవచ్చు.

సరైన పద్ధతి తేలికైనదే. కారు అడాప్టర్ నుంచి ఒక మంచి ఎక్స్‌టెన్షన్ వైరు ఇంట్లోకి తెచ్చి, సామాన్లను నేరుగా దానికే పెట్టాలి. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిదై ఉండాలి, పెళ్లిళ్లలో సీరియల్ బల్బులకు వాడే సన్న తీగ కాదు. చుట్ట మొత్తం విప్పేయాలి. చుట్టగా ఉంచి ఎక్కువ లోడు వేస్తే వేడెక్కి కరిగిపోతుంది. అడాప్టర్ మీద, ప్లగ్గుల మీద వాన పడకూడదు. ఇంటి వైరింగ్‌కే కలపాలనుకుంటే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చేంజ్‌ఓవర్ స్విచ్ పెట్టించుకోవాలి. వీధి కరెంటు ఒకవైపు, కారు ఒకవైపు, రెండూ ఎప్పటికీ కలవని విధంగా. అది కూడా కారు కంపెనీ ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కున్నాకే. కార్లు ఇచ్చే కరెంటుకు ఎర్తింగ్ ఏర్పాటు మన ఇంటి ఎర్తింగ్ లాంటిది కాదు. తెలియనివాళ్లు చేతులు పెట్టే పని కాదిది.

జనరేటర్‌తో పోలిస్తే కారుకు ఒక పెద్ద మేలుంది. కిటికీలు మూసిన ఇంటి వరండాలోనో మెట్ల కిందనో జనరేటర్ పెట్టుకుని, దాని నుంచి వచ్చే వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ వల్ల నిద్రలోనే చనిపోయిన కుటుంబాల గురించి పత్రికల్లో చదువుతూనే ఉంటాం. ఎలక్ట్రిక్ కారుకు పొగ లేదు, చప్పుడు కూడా దాదాపు లేదు. రోగి పడుకున్న గది కిటికీ పక్కనే నిలబెట్టుకోవచ్చు.

కానీ వరద వేరు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ పేటలు మునిగినప్పుడు కరెంటు పోయింది, వాకిట్లో కార్లూ మునిగాయి. నీటిలో మునిగిన ఎలక్ట్రిక్ కారును ఎవరూ ముట్టుకోకూడదు. నీరు తీసినా సర్వీసువాళ్లు చూసేవరకు ఛార్జింగ్ పెట్టకూడదు, దాని నుంచి కరెంటు తీయకూడదు. ఉప్పునీరైతే ఇంకా ప్రమాదం. 2022లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఇయన్ తుఫాను తర్వాత సముద్రపు నీటిలో నానిన కొన్ని ఎలక్ట్రిక్ కార్లు రోజుల తర్వాత కూడా అంటుకున్నాయి. కాబట్టి పల్లపు పేటల్లో ఉండేవారు హెచ్చరిక రాగానే కారును నిండా ఛార్జ్ చేసి ఎత్తైన చోటికి చేర్చాలి. వీలైతే రోగిని కూడా అక్కడి బంధువుల ఇంటికే తరలించాలి.

ఇలా వాడితే బ్యాటరీ పాడవుతుందా అని కారు యజమానులు తప్పకుండా అడుగుతారు, న్యాయమైన ప్రశ్నే. 30 యూనిట్లు ఇంటికి ఇవ్వడమంటే బ్యాటరీకి సుమారు 200 కిలోమీటర్లు తిరిగినంత శ్రమ. ఏడాదికి రెండు మూడుసార్లు పక్కింటివారికి ఇస్తే హైదరాబాద్ ఒకసారి వెళ్లి వచ్చినంత కూడా కాదు. వారంటీ పుస్తకంలో దీని గురించి ఏవైనా పరిమితులు ఉంటే మాత్రం చదువుకోండి.

ఇదంతా చదివి ఎవరైనా కరెంటు కోతల కోసం కారు కొందామనుకుంటే వద్దనే చెబుతాము. గంటా రెండు గంటల కోతకు మంచి ఇన్వర్టర్ చాలు, దాని ధర కారు ధరలో ఎన్నో వంతు కాదు. కారు అవసరమయ్యేది చెట్లు కూలి, స్తంభాలు ఒరిగి, మూడు నాలుగు రోజులు ఎవరూ ఏమీ చేయలేని వేళకు. కొన్న కారును ఆ వేళకు సిద్ధంగా ఉంచడం గురించే మేము చెబుతున్నాము.

ఆ రాత్రి తర్వాత మేము కార్యాలయంలో ఒక చిన్న రిజిస్టర్ మొదలుపెట్టాము. ఒక పేజీలో కాన్సన్‌ట్రేటర్లు ఉన్న ఇళ్లు, ఎదురు పేజీలో వాటికి దగ్గరలో ఎలక్ట్రిక్ కారున్న దాతలు. మీ కారులో ఈ సౌకర్యం ఉంటే, మోడల్ పేరు, అడాప్టర్ ఉందో లేదో, అవసరమైతే కారును ఎవరి ఇంటి ముందుకైనా తేగలరో లేదో మా కార్యకర్తలకు చెప్పి అందులో రాయించండి. అడాప్టర్ లేనివారు మన రోగి ఇంటికి దగ్గరలో ఉంటే దాన్ని సమకూర్చే ఖర్చు ఎవరైనా దాత భరిస్తే సంతోషం. రాయించినవారి ఇళ్లకు మన ఎలక్ట్రీషియన్ సోదరుడు ఒక సెలవు రోజున వచ్చి, కాన్సన్‌ట్రేటర్‌ను ఒక గంట కారు మీద నడిపి చూపిస్తారు. మొదటి గంట నడిపింది ఆ పెద్దావిడ ఇంట్లోనే. పక్కింటి కారు నుంచి గోడ మీదుగా వైరు వేశాము. ఆమె యంత్రం మీది పచ్చ దీపాన్ని కాసేపు చూసి, "ఈసారి వాన వస్తే నన్ను ఆటోలో తిప్పొద్దు బేటా" అన్నారు.